పుస్తెలు ఎవరు పట్టుకోవాలి

నాతో కలిసి పనిచేసిన వాళ్లకు నా మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఎవరేమన్నా నేను మరచిపోనట. అది నిజమే. నేను మొదట చేరిన ఖమ్మం ఆసుపత్రిలో ఒక పండగకు అందరికీ స్వీటు డబ్బాలు పంచి, నేను గుండె స్కాను చేసే ఎకో గదికి మాత్రం పంపని మేనేజరు ఒకాయన ఉండేవాడు. ఇప్పటికీ బజారులో ఆయన ఎదురుపడితే నాకు ఆ రాని డబ్బానే గుర్తొస్తుంది. రిటైరయ్యాక మనసు మెత్తబడుతుందంటారు. నాకైతే తీరిక దొరికి అన్నీ ఇంకా వివరంగా గుర్తొస్తున్నాయి.

అయినా ఇప్పుడు రాస్తున్నది ఫిర్యాదు కాదు. స్కానింగు పని కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు కొందరు, మీ ఉద్యోగంలో మరచిపోలేని రోజు ఒకటి చెప్పండి అని అడిగారు. నాకు మేలు జరిగిన రోజు గురించే చెబుదామని కూర్చున్నాను. తీరా చూస్తే, ఆ మేలు చేసిన వాళ్లంతా ముందు నన్ను ఏదో ఒక మాట అన్నవాళ్లే. వాళ్లను మెచ్చుకోవాలంటే ఆ మాటలు కూడా చెప్పక తప్పదు. మీరే ఓపిక పట్టాలి.

నాది ఎడమచేతి వాటం. మా నాన్న బొగ్గు గనిలో పనిచేసేవాడు. కాలనీ బడిలో నాకు కుడిచేత్తో రాయడం నేర్పారు, ఇంట్లో అమ్మ కుడిచేత్తో తినడం నేర్పింది. కొట్టి నేర్పితే రాని విద్య ఉండదు కాబట్టి రెండూ వచ్చాయి. ఎకో నేర్చుకునేటప్పటికి మాత్రం నన్ను కొట్టేవాళ్లు లేకపోయారు. రోగి ఒంటి మీద ఆనించి లోపలి బొమ్మను తెర మీదికి తెచ్చే ఆ చిన్న పరికరాన్ని ప్రోబు అంటాం. అది దానంతటదే నా ఎడమచేతిలోకి వచ్చి కూర్చుంది. అక్కడ కుదురుకుంది. ఆసుపత్రిలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. బొమ్మ బాగుంటే చాలు, చెయ్యి ఎవరికి కావాలి?

ఆ తర్వాత ఒక వైద్య కళాశాల వాళ్లు మా వైపు ఒక పరిశోధన మొదలుపెట్టారు. గనుల్లో పనిచేసే వాళ్లకు, సత్తుపల్లి నుంచి చండ్రుగొండ దాకా, అక్కడి నుంచి భద్రాచలం వైపు అడవి అంచు పల్లెల్లో ఉండేవాళ్లకు గుండె ఎలా ఉంది, మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ ధమనులు ఎలా ఉన్నాయి అని చూడటం వాళ్ల పని. జబ్బు పడిన వాళ్లను కాదు, నాకేం రోగం లేదని తిరుగుతున్న వాళ్లను చూడాలి. మెడ ధమని గోడ మన చేతి గోరు మందాన ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎవరికి ఎంత పెరుగుతున్నదో కొలిస్తే, గుండెపోటు, పక్షవాతం ఎవరిని చూసుకుంటూ వస్తున్నాయో ముందే పసిగట్టవచ్చని వాళ్ల ఆశ. గోరు మందంలో తేడా పట్టాలంటే స్కాను చేసే చెయ్యి వణకకూడదు, పడుకున్న మనిషి మెడ బిగించకూడదు. ఇప్పటి యంత్రాలు గీతలు అవే గీసుకుని కొలతలు అవే చెప్పేస్తాయి గానీ, ఈ రెండింటి విషయంలో అవి కూడా ఏమీ చేయలేవు.

మేం నలుగురం. హైదరాబాద్ నుంచి వచ్చిన గుండె డాక్టరమ్మ మాకు పెద్ద. మేమంతా మేడం అనేవాళ్లం. తిరుమలాయపాలెం వైపు నుంచి వచ్చిన సీనియర్ టెక్నీషియన్ ఒకాయన మగవాళ్లకు స్కాను చేసేవాడు. అడవి వైపు పల్లెల్లో పుట్టి పెరిగి, ఊరూరా అందరినీ వరస పెట్టి పిలిచే నర్సు ఒకామె. ఆడవాళ్లకు స్కాను చేయడానికి నేను. ఆసుపత్రి ఉద్యోగం వదిలి మరీ చేరాను.

మొదటి రోజే మేడం నా చెయ్యి చూసింది. ఈ పరిశోధనలో అందరూ ఒకే వైపు నిలబడి, కుడిచేత్తోనే స్కాను చేయాలంది. లేకపోతే కొలతల్లో వచ్చే తేడా మనిషిదో, చేతిదో తెలియదంది. అందులో న్యాయం ఉంది. కానీ అందరి ముందూ, "ఇంత చిన్న విషయం కూడా నీకు ఎవరూ నేర్పలేదా?" అని ముగించింది. ఆ ముక్క నా దగ్గర అలాగే ఉంది.

సీనియర్ దానికి తోక తగిలించాడు. "మా చెల్లెది అంత ఉల్టా మేడం. ఇంటికి గూడ వెనక్కి నడుసుకుంటనే పోతదేమో."

అందరూ నవ్వారు. నర్సు కూడా నవ్వింది. తర్వాత నాకు టీ తెచ్చి ఇచ్చింది గానీ, ముందు నవ్వింది.

కుడిచేత్తో ప్రయత్నించాను. కొన్ని వారాలు ప్రయత్నించాను. గుండె బొమ్మ ఎలాగో వచ్చేది. మెడ బొమ్మ మాత్రం గాలికి ఊగే సాలెగూడులా ఉండేది. చివరికి మేడం, నా బదులు హైదరాబాద్ నుంచి ఇంకో అమ్మాయిని తెప్పిస్తానంది. ఆసుపత్రిలో నా కుర్చీలో అప్పటికే వేరే వాళ్లు కూర్చున్నారు. వెనక్కి పోవడానికి చోటు లేదు.

నేను ఊరుకునే రకం కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మేడంతో చెప్పాను. మేడం పైవాళ్లతో చెప్పాను. వాళ్లు మేడంతోనే చెప్పుకోమంటే మళ్లీ మేడం దగ్గరికే వచ్చాను. "చెయ్యి చూడకండి, బొమ్మ చూడండి," అన్నది నా మాట. జీపు ఎక్కేటప్పుడూ అదే, దిగేటప్పుడూ అదే. ఆమె విసిగిపోయి ఒక పరీక్ష పెట్టింది. ఒక ఊళ్లో కొందరు ఆడవాళ్లకు నేను ఎడమచేత్తో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి స్కాను చేయాలి. పేర్లు లేకుండా బొమ్మలు హైదరాబాద్ పంపుతారు. ఒకే మనిషికి తీసిన రెండు కొలతలూ కలిస్తే నా చెయ్యి నాది. కలవకపోతే నేను ఇంటికి. ఒకసారి తీసిన బొమ్మను చెరిపి మళ్లీ తీయడం కుదరదు. మేడం గదిలోనే కూర్చుని చూస్తుంది.

ఆ పరీక్ష ముందు సీనియర్ నన్ను పక్కకు పిలిచాడు. తన మెడ మీదే చూపిస్తూ, "చెల్లె, ప్రోబు పెట్టకు, ఆనియ్యి. కోడిపిల్లను పడతవు చూడు, గట్ల. గట్టిగ పట్టుకుంటే సస్తది, ఇడిసిపెడితే ఉరుకుతది," అన్నాడు. తర్వాత నేను ఎంతమందికి ఈ పని నేర్పినా, ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. అతను నన్ను ఉల్టా అన్నాడు. ఈ మాట కూడా అతనే అన్నాడు. రెండూ రాసుకోవాల్సిందే.

పరీక్షకు చండ్రుగొండ దాటి అడవి అంచున ఉన్న ఊరొకటి కుదిరింది. మిర్చి ఏరే రోజులవి. రెండుసార్లు రావాలంటే ఆడవాళ్లకు ఆ రోజు పని పోతుంది. నర్సు ఇంటింటికీ తిరిగి ఒప్పించింది. ఆదివారం కాబట్టి బడి గదులు ఖాళీగా ఉన్నాయి. ఒక గదిలో నేను, పక్క గదిలో మగవాళ్ల కోసం సీనియర్. ఆడవాళ్లను ట్రాక్టరులో దింపిన మగవాళ్లు మాత్రం బయట నీడన కూర్చుని, "మాకేం రోగం?" అని అతని గది వైపు కూడా చూడలేదు. ఆయన గుమ్మంలో నిలబడి ఎండను చూస్తున్నాడు.

మొదట వచ్చినామె నడివయసు మనిషి. వేళ్ల సందుల్లో మిర్చి ఎరుపు ఇంకా పోలేదు. పడుకుంది. మెడలో పసుపుతాడు, పుస్తెలు, నల్లపూసలు. తాడు సరిగ్గా ధమని మీదుగా పోతున్నది. నేను ఎడమచేత్తో దాన్ని జరపబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఏంది బిడ్డా, ఎడం చేత్తోని పుస్తెలు ముడతవా?"

"నాది ఎడమచేతి వాటం అమ్మా."

"వాటముంటే నీ ఇంట్ల ఉంచుకో. మీ అమ్మ చెప్పలేదా?"

చెప్పింది. గరిటె పట్టుకుని మరీ చెప్పింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

నర్సు దగ్గరికొచ్చి, "అత్తా, చెయ్యి కడుక్కునే వచ్చింది," అంది.

"కడిగితే కుడిది అయితదా?"

గోడవారగా కూర్చున్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఒకామె, "నేనైతే ముట్టనియ్య తల్లీ," అంటూ కొంగు దులుపుకుని లేచింది. ఆమె వెనక ఇంకొకామె.

కుడిచేత్తో తాడు జరిపాను. మెడ కాస్త పక్కకు తిప్పగానే మళ్లీ జారి ప్రోబు కిందికే వచ్చింది. నా కుడిచెయ్యి యంత్రం మీటల మీద ఉండాలి. దాన్ని ఇంకోదానికి వాడుకోవడానికి లేదు. తీసి పక్కన పెట్టమనే మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. అనేంత తెలివితక్కువ వాళ్లం కాదు. నర్సు తాను పట్టుకుంటానంది.

"నువ్వెట్ల పట్టుకుంటవు? నువ్వు కట్టినవా?" అందామె.

గుమ్మం దగ్గరి నుంచి సీనియర్ గొంతు తగ్గించి, "చెల్లె, ఇయ్యాల ఒక్కదినం కుడిచేత్తో కానియ్యరాదు," అన్నాడు. పరీక్షే ఎడమచేతికి. మేడం మూల కుర్చీలో కూర్చుని ఉంది. ఒక్క మాట అనలేదు. అననందుకు కూడా నాకు కోపం వచ్చింది.

చివరికి పడుకున్న మనిషే దారి చూపింది. పుస్తెలు పైకి లాగి పళ్ల మధ్య కరిచిపట్టి, కానివ్వమన్నట్టు తలూపింది. తాడు మెడ మీద నుంచి లేచింది. హమ్మయ్య అనుకున్నాను. గుండె బాగా వచ్చింది. మెడ బొమ్మ తీసేదాకా అసలు సంగతి తెలియలేదు. పళ్లు బిగిస్తే దవడ బిగుసుకుంటుంది, దవడతో పాటు మెడ కండ బిగుసుకుంటుంది. ధమని గోడ తెర మీద చెదిరిపోతున్నది. ఆమె ఎంత శ్రద్ధగా పట్టుకుంటే బొమ్మ అంత పాడవుతున్నది. అప్పటికే తీసేశాను. మళ్లీ తీయడానికి లేదు.

తర్వాత పడుకోబోయిన ఆమె కూడా పుస్తెలు నోటిదాకా తెచ్చింది. "పంటితో వద్దమ్మా," అన్నాను.

"మరెవరు పట్టుకోవాలె?"

మొదటి ఆమె బల్ల దిగి జుట్టు ముడి వేసుకుంటూ, "ఎవరేంది, కట్టినోడే పట్టుకోవాలె," అంది.

గది మళ్లీ నవ్వింది. నేను నవ్వలేదు. ఎవరు వేళాకోళంగా ఏమన్నా నేను దాన్ని నిజం మాటగానే తీసుకుంటాను. ఆ అలవాటు వల్ల జీవితంలో చాలా నష్టపోయాను. ఆ రోజు మాత్రం బాగుపడ్డాను.

"అయితే పిలవండి," అన్నాను.

"ఎవరిని?"

"కట్టినవాళ్లను."

నర్సు ఒక్క క్షణం నా మొహం చూసి బయటికి నడిచింది. నీడన కూర్చున్న మగవాళ్లతో ఆమె ఏమందో నాకు తెలియదు. తువ్వాలు భుజాన వేసుకుని ఆ రెండో ఆమె భర్త తలవంచుకుని లోపలికొచ్చాడు. తల వైపు స్టూలు మీద కూర్చోబెట్టి, తాడు కాస్త పైకెత్తి పట్టుకోమన్నాను. రెండు వేళ్లతో, అది కరుస్తుందేమో అన్నట్టు పట్టుకున్నాడు.

"పెండ్లప్పుడు గూడ గిట్లనే వణికినవ్," అంది భార్య.

"నువ్వు ఊకో, మెడ కదుల్తది," అన్నాడాయన, నాకంటే ముందే.

బొమ్మ నిలిచింది. గీత గీసినట్టు నిలిచింది. ఆ తర్వాత, కొంగు దులుపుకుని లేచిన ఇద్దరితో సహా, ఒక్కొక్కరే వాళ్ల వాళ్ల మనిషిని పిలిపించుకున్నారు. ఒకామె భర్త గనిలో డ్యూటీకి పోయాడు. ఆమె అత్త లేచి, "కట్టినోన్ని కన్నది నేనే. నేను పట్టుకుంట," అని స్టూలు మీద కూర్చుంది. నా ఎడమచెయ్యి గురించి ఇక ఎవరూ ఎత్తలేదు. పుస్తెలు క్షేమంగా సొంత మనిషి చేతిలో ఉన్నాయి. మిగతా మెడతో వాళ్లకు పేచీ లేదు.

బయటికి వెళ్లే ప్రతి మగవాడినీ సీనియర్ గుమ్మంలో పట్టుకున్నాడు. "పుస్తెలు పట్టుడు అయిందా? గిటు రాండ్రి. నీ మెడల ఏమున్నదో గూడ చూస్త. ఆమె పండుకుంది గదా, నువ్వు పండుకుంటే ఏంబోతది?" భార్య బల్ల మీద పడుకోవడం కళ్లారా చూసినవాడు మాకేం రోగం అని ఎలా అంటాడు? ఎండను చూస్తూ నిలబడ్డ మనిషి గది మధ్యాహ్నానికల్లా నిండిపోయింది.

భోజనాల తర్వాత రెండో విడత. ఆడవాళ్లంతా తిరిగొచ్చారు. మొదటి ఆమె బల్ల ఎక్కుతుంటే సీనియర్ వచ్చి నా చెవిలో చెప్పాడు.

"చెల్లె, పొద్దున ఈమెది పంటితోని తీసినవు. ఇప్పుడు గూడ పంటితోనే పట్టమను. తప్పైతే తప్పాయె, రెండుసార్లు ఒక్క తీరుగుంటే కలుస్తది. మేడం చూసేది కలిసిందా లేదా అనేగా."

అతను మేలు కోరే చెప్పాడు. అందులో లెక్క కూడా సరైనదే. ఒకే తప్పు రెండుసార్లు చేస్తే రెండు కొలతలూ కలుస్తాయి. సరిగ్గా తీస్తే పొద్దుటి దానితో కలవదు, నా ఉద్యోగం పోతుంది. ఆమె కూడా అలవాటైనట్టు పుస్తెలు పళ్ల దాకా తెచ్చుకుంది. నేను నోరు విప్పకుండా ఉంటే చాలు.

నేను గొప్పదాన్నని చెప్పుకోను. నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. దొంగ పాసుతో గెలిస్తే ఇక జన్మలో ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి నాకు నోరుండదు. అది నేను భరించలేను.

"పంటితో వద్దు. మీ ఆయనను పిలవండి," అన్నాను.

సీనియర్ తల కొట్టుకుంటూ పోయాడు. పోయి ఆమె భర్తను అతనే తీసుకొచ్చాడు. బక్కపలచని మనిషి. పొద్దున ట్రాక్టరు తోలింది అతనే. స్టూలు మీద కూర్చుని, భార్య మెడలోని తాడు చూపుడు వేలి మీద ఎత్తి పట్టుకున్నాడు. ముందు గుండె చూశాను. అతని కళ్లు తెర మీదే ఉన్నాయి.

"గదేంది బిడ్డా, తలుపు లెక్క కొట్టుకుంటంది?"

"తలుపే. మీ భార్య గుండెలోది. అలాంటివి నాలుగున్నాయి."

"ఎప్పటికీ గట్లనేనా? పండుకున్నప్పుడు గూడ?"

"పడుకున్నప్పుడు కూడా."

అతను తెర వైపు ఇంకాస్త వంగాడు. ఆమెకు తెర కనపడదు. "ఏమంటంది? ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. గొంతులో కాస్త బెదురు.

"ఏం లేదు," అన్నాడతను. "నీ లెక్కనే. ఒక్క నిమిషం ఊకుంటలేదు."

ఆమె నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకుంది. మెడ వదులైంది. ప్రోబు ఆనించాను, కోడిపిల్లను పట్టినట్టు. ధమని గోడ రెండు సన్నని గీతలుగా, మధ్యలో చీకటి గీతతో, జంట ముగ్గు గీతలా వచ్చి నిలబడింది. అంతకంటే మంచి బొమ్మ నా ఉద్యోగంలో మళ్లీ తీశానో లేదో చెప్పలేను. తీస్తూనే అనుకున్నాను, ఇది పొద్దుటి దానితో కలవదని.

కొన్నాళ్లకు ఖమ్మంలోని మా ఆఫీసు గదికి మేడం పిలిచింది. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"అన్నీ కలిశాయి. ఒకటి కలవలేదు. మొదటి మనిషి మెడ."

"అది పొద్దున పంటితో పట్టుకున్నప్పటిది మేడం. మధ్యాహ్నానిది సరైనది."

"తెలుసు, అక్కడే కూర్చున్నాను కదా. మధ్యాహ్నం కూడా పంటితోనే పట్టిస్తావేమో అని చూశాను."

నేను కుర్చీలో కాస్త ముందుకు జరిగాను.

"పట్టించి ఉంటే అన్నీ కలిసేవి. నాకు నీ మీద నమ్మకం పోయేది," అంది. తర్వాత పాత గొంతుతోనే, "నియమం మారుస్తున్నాను. నీ కోసం కాదు, పని కోసం. కుడిచెయ్యి అని కాకుండా, ఎవరైనా మొదటి నుంచి చివరి దాకా ఒకే చేత్తో చేయాలి. పుస్తెలు పట్టుకోవడానికి సొంత మనిషి ఉండాలి. ఇక వెళ్లు," అంది.

నీకెవరూ నేర్పలేదా అన్న మాటను వెనక్కి తీసుకోలేదు. నేను ఎదురు చూశాను. తలుపు దాకా మెల్లగా నడిచాను కూడా. ఆమె అప్పటికే ఫోనులో వేరే ఎవరినో కోప్పడుతున్నది.

ఇక్కడితో ఆపితే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను.

ఆ తర్వాతి క్యాంపు ఇంకా లోపల, అడవిని ఆనుకుని ఉన్న ఊళ్లో. పంచాయతీ గది చిన్నది. గోడకు ఆనించి ఒక ఇనప మంచం ఉంది. కుడిచేత్తో స్కాను చేసేవాళ్లు రోగికి కుడివైపు నిలబడతారు. ఎడమచేత్తో చేయాలంటే ఎడమవైపు నిలబడాలి. మంచానికి ఆ వైపు గోడే ఉంది. నేను యంత్రం దింపించుకుని వచ్చేసరికి, మేడం చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, రెండు చేతులతో ఆ మంచాన్ని గోడ నుంచి ఇవతలికి లాగుతున్నది. సీనియర్ అవతలి కొస పట్టుకున్నాడు. నేను యంత్రం వదిలి ఒక చెయ్యి వేయబోయాను.

"నువ్వు ఆగు. ఆ చేతికి దెబ్బ తగిలితే నాకు పని ఆగిపోతుంది," అంది మేడం, తలెత్తకుండానే.

నేను ఆగాను. మంచం గచ్చు మీద కిర్రుమంటూ కదిలింది. గోడకూ మంచానికీ మధ్య, ఒక మనిషి నిలబడి పనిచేసుకునేంత చోటు వచ్చే దాకా వాళ్లిద్దరూ లాగుతూనే ఉన్నారు.